ఇత్తడి గుండిగలో బదనిక

తిరుపతి నుంచి చిత్తూరు మీదుగా బంగారుపాళేనికి వెళ్ళి రావడం ప్రయాణమని చెప్పుకోదగ్గ పని కాదు. పొద్దున బయలుదేరిన మనిషి మధ్యాహ్నానికి పని చూసుకుని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకోవచ్చు. నాకు ముప్పై ఒక్క సంవత్సరాలు పట్టింది.

బంగారుపాళెం దాటాక లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే నా భార్య సుభద్ర పుట్టినూరు. వాళ్ళు మామిడి తోపుల రైతులు. మా తాతల కాలంలో పలమనేరు ఘాటు కింద ఏడు ఊళ్ళ శిస్తు మా గుమ్మంలోకి వచ్చేది. నా కాలానికి గుమ్మం కూడా మిగల్లేదు. తిరుపతిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు మాస్టరుగా చేరాను. పెళ్ళయిన ఏడాది మామగారి ఇంటికి వెళ్ళినప్పుడు, విస్తరి ముందు కూర్చుని ఉండగా ఆయన నవ్వుతూ, ఆ జీతానికి అంత దూరం ఎందుకు, మా మండీలో కూర్చుని కాయల బళ్ళు చూసుకోరాదా అన్నారు. మంచికే అన్నారేమో. నేను మజ్జిగ దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను. మళ్ళీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. మామగారు పోయినప్పుడూ వెళ్ళలేదు.

సుభద్ర మాత్రం ఏటా వెళ్ళి వచ్చేది. అక్కణ్ణుంచి ఒక్క కాయ కూడా మా ఇంట్లోకి రాకూడదన్నది నేను పెట్టిన నియమం. ఆమె దాన్ని ఒక్కసారే దాటింది. కొబ్బరి పీచు, బొగ్గు ముక్కలు కట్టిన చెక్కపేడును పట్టుకుని ఉన్న ఒక మొక్కను తెచ్చి, డాబా మీద బట్టలారేసే తీగకు వేలాడదీసింది. ఇదేమిటంటే బదనిక అంది. ఆర్కిడ్లలో ఒక జాతి. నర్సరీ వాళ్ళు దీన్ని వాండా అంటారు. మట్టి అక్కర్లేదు, వేళ్ళు గాలిలో వేలాడుతూ ఉంటాయి. మీ తోపు చెత్త నా నెత్తి మీద వేలాడదీస్తావా అన్నాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మొక్కను మాత్రం తియ్యలేదు.

పోయిన కార్తీకంలో సుభద్ర పోయింది. మాకు పిల్లలు లేరు. ఒక్కడికి అంత ఇల్లు ఎందుకని చిన్న పోర్షనుకు మారాను. సామాను దించేటప్పుడు ఆ మొక్క నా చేతికి వచ్చింది. బెత్తెడు చెక్క, నల్లటి బొగ్గు, పట్టుకోవడానికి ఏమీ లేనట్టు వేలాడే వేళ్ళు. దిక్కులేని దానిలా కనబడింది. నా ఇంట్లో ఏదీ అలా ఉండకూడదనుకున్నాను. మా వంశంలో మిగిలిన చివరి ఇత్తడి గుండిగను తోమించి, ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు నింపి, వేళ్ళన్నీ లోపలికి నొక్కి నాటాను. ఎండ తగలకుండా దేవుడి మూల పెట్టాను. రెండు పూటలా నీళ్ళు పోశాను. జ్యేష్ఠమాసం వచ్చేసరికి దాని మొదలు నల్లబడింది.

ఇంట్లో ఊపిరి ఉన్నది మేమిద్దరమే. అది పోకూడదని బయలుదేరాను.

అలిపిరి రోడ్డు

ముందు మా ఊళ్ళోనే అడిగి చూద్దామని గుండిగను ఆటోలో పెట్టుకుని అలిపిరి రోడ్డుకు వెళ్ళాను. అక్కడ ఫుట్‌పాత్ పక్కన మొక్కలు పెట్టి అమ్మేవాళ్ళు వరసగా ఉంటారు. తులసి నలభై, మందారం ఎనభై. కొండ ఎక్కడానికి పోయేవాళ్ళు వాటి వంక చూడరు. దిగివచ్చిన గుండ్లవాళ్ళు ఆగి బేరం చేస్తారు. అందుకే అక్కడ బేరాలన్నీ పది దాటాకే.

కాస్త పెద్ద నర్సరీ ఒకటి చూసి లోపలికి వెళ్ళాను. యజమాని సెల్వం అనే యాభై ఏళ్ళ మనిషి. అరవం వాళ్ళింటి మాట, మా వైపు తెలుగు. గుండిగ కింద పెట్టగానే మొక్క వైపు కాకుండా గుండిగ వైపు చూశాడు.

"ఎవురు సార్ దీన్ని పాతిపెట్టింది?"

నేనే అన్నాను.

"బంగారట్టా గుండిగ. అడుగున ఒక బొక్కన్నా లేదు. ఇది చెట్టు మీద బతికేది సార్. దీని ఏళ్ళు తడవల్ల, మల్లా ఎండల్ల, గాలి తాగల్ల. మీరు తీసకపోయి బాయిలో ఏసినారు."

అతని దగ్గరా వాండాలు ఉన్నాయి. థాయిలాండు నుంచి వచ్చినవట, ఒక్కొక్కటి తొమ్మిది వందలు. చెక్క బుట్టల్లో, మూరెడేసి వేళ్ళు కిందికి వదిలి, ఏ మట్టీ లేకుండా దర్జాగా వేలాడుతున్నాయి. నేను దిక్కులేనితనం అనుకున్నది వాటి పద్ధతి.

దీన్ని బతికించి ఇవ్వు, ఎంతయినా ఇస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. అది అమ్మే సరుకు కాదట, తోపు బదనికట. "యాడిదో ఆడికే ఎత్తకపోండి సార్. దాని ఎండెంతో, గాలెంతో వాళ్ళకు తెలిసుంటాది," అన్నాడు. చెప్పినందుకు ఏమీ తీసుకోనన్నాడు. ఊరికే మాట పుచ్చుకుని రావడం నాకు చేతకాదు. అరవై రూపాయలు పెట్టి వేపపిండి పొట్లం ఒకటి కొన్నాను. దానితో నాకు ఏ పనీ లేదు.

ఆ రోడ్డు మీద నిలబడి చాలాసేపు ఆలోచించాను. మర్నాడు పొద్దున్నే చిత్తూరు బస్సు ఎక్కాను.

చంద్రగిరి దాటాక

గుండిగను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టికెట్టు నూట పది. లగేజీకి వేరే కొడతానని కండక్టరు అన్నాడు. కొట్టమన్నాను. అతనే నవ్వి ఊరుకున్నాడు.

చంద్రగిరి దాటాక ఒక గేదెల మంద అడ్డం వచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. గుండిగ ఒరిగి పేడనీళ్ళు పక్క సీటు ఆవిడ సంచి మీద ఒలికాయి. ముప్పై ఐదేళ్ళ మనిషి, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు. శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని, సెలవు మీద పూతలపట్టు దగ్గర పల్లెకు పోతోంది. నేను క్షమించమని చెప్పడానికి మాట వెతుక్కుంటుండగానే, ఆమె సంచి దులుపుకుంటూ మొక్కను చూసి, మా అమ్మ జీవితమంతా ఈటిని పీకింది సార్ అని నవ్వడం మొదలుపెట్టింది.

వాళ్ళమ్మ తోపు కూలికి పోయేదట. కాయ దించేశాక ఎండు కొమ్మలు కొట్టే రోజుల్లో, కొమ్మల మీద పట్టుకున్న బదనికలన్నీ గీకి కింద పడెయ్యడం ఆడకూలీల పని. చెట్టు రసం పీల్చేస్తుందని రైతుల నమ్మకం. రసం పీల్చే జాతి వేరే ఉంది, అది కొమ్మలోకి దిగి పాతుకుంటుంది. ఇది బెరడును పట్టుకుని పైన కూర్చుంటుందంతే. కానీ గీకేవాళ్ళకు రెండూ ఒకటే. కుప్పలు పోసి మంట పెడతారు.

"మేము కాలబెట్టేదాన్ని మీరు వెండి గిన్నెలో మోసకపోతాండారు," అంది.

ఇత్తడి అని సరిదిద్దాను. ఆమె ఇంకా నవ్వింది. దిగేటప్పుడు మాత్రం, నా కాళ్ళ దగ్గర ఒలికిన మట్టిని చేత్తో ఎత్తి మళ్ళీ గుండిగలో వేసి, జాగ్రత్త సార్ అని చెప్పి వెళ్ళింది. మట్టి వెయ్యవద్దని ఆమెకు చెప్పలేకపోయాను.

చిత్తూరు

చిత్తూరులో దిగేసరికి పదకొండు. అప్పుడే బయలుదేరితే సరిగ్గా భోజనాల వేళకు వాళ్ళ గుమ్మం ముందు ఉంటాను. పిలవని ఇంటికి ఆ వేళకు వెళ్ళకూడదని మా ఇంటి ఆచారం. మూడింటికి వెళితే రాత్రికి ఉండమంటారు. అన్ని విధాలా ఆలోచించి బస్టాండు వెనక లాడ్జిలో గది తీసుకున్నాను, ఐదు వందలు. ఇది ఆచారం గురించి నాకు నేను చెప్పుకున్న మాట. నిజానికి నాకు భయం వేసింది.

చిత్తూరు నేను చదువుకున్న ఊరు. అప్పుడు ఈ ఊళ్ళో నేను ఫలానా వారి మనవణ్ణంటే హోటలువాళ్ళు లేచి నిలబడేవారు. ఇప్పుడు మెస్సులో టోకెను తీసుకుని నిలబడ్డాను. కారం దోశ యాభై రూపాయలు. పైన ఎర్రకారం, లోపల పుట్నాల పొడి, పక్కన పల్చటి చట్నీ. తిరుపతిలో యాత్రికుల కోసం ఆ కారం తగ్గించేశారు. ఇక్కడ ఇంకా కళ్ళ నీళ్ళు పెట్టిస్తుంది. ఎదురుగా కూర్చున్న లారీ డ్రైవరు నీళ్ళ గ్లాసు నావైపు జరిపాడు. కారానికే అని చెప్పాను.

సాయంత్రం ఎండ గది కిటికీలోకి వచ్చింది. సెల్వం మాట గుర్తు వచ్చి గుండిగను ఎండలోకి జరిపి, ఒక ఆకు మీద దుమ్ము తుడవబోయాను. ఆకు పచ్చగానే ఉంది. వేలు తగలగానే మొదలంటా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. లాగలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నాను.

బంగారుపాళెం

మర్నాడు ఎనిమిదికి బంగారుపాళెంలో దిగాను. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పొడవునా తోతాపురి కాయల ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి. ముందువెనక కదిలే జాడ లేదు. రెండు రోజులుగా వరసలో ఉన్నానని ఒక రైతు చెప్పాడు. ట్రాక్టరు కిందే పడక, అక్కడే తిండి. అడుగున కాయ మెత్తబడి రసం కారుతోంది, తేనెటీగలు ముసురుతున్నాయి. ధర అడిగితే చెప్పకుండా చెయ్యి తిప్పాడు. రోడ్డు పక్కన గుంటలో కాయలు కుప్పలుగా పారబోసి ఉన్నాయి. మేకలు కూడా వాసన చూసి పోతున్నాయి.

మామిడికాయను ఇలా నేనెప్పుడూ చూడలేదు. మా ఇంట్లో అవి ముక్కలు కోసి పళ్ళెంలో వచ్చేవి. మా తోపులో ఎన్ని చెట్లుండేవో, వాటి మీద ఏముండేదో నేను తల ఎత్తి చూసిన గుర్తు లేదు. దొరవారి తోపు అనేవాళ్ళు దాన్ని. మా నాయన దాన్ని అమ్మేశాక, కొన్నవాళ్ళు కొట్టేశారని విన్నాను. అటువైపు వెళ్ళలేదు.

మునిరత్నం ఇల్లు

సుభద్ర తమ్ముడి పేరు మునిరత్నం. నేను విస్తరి ముందు నుంచి లేచిననాటికి పదహారేళ్ళ పిల్లవాడు. అక్క పోయిన రోజు వచ్చాడు, కాష్టం దగ్గర ఒక పక్కగా నిలబడ్డాడు, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర గుండిగ పట్టుకుని నిలబడ్డాను. అతని భార్య కస్తూరి ఆవుల పాక నుంచి వస్తూ నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ జరగనట్టు చెంబుతో నీళ్ళు తెచ్చి, కాళ్ళు కడుక్కోమంది. వెనకాలే మునిరత్నం వచ్చాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఏం బావా, దోవ తప్పినావా?"

"నీతోనే పని ఉండి వచ్చాను," అన్నాను.

అతను గుండిగలోకి చూశాడు. నన్నేమీ అడక్కుండా దాన్ని తీసుకుని వాకిట్లో బోర్లించాడు. మట్టి ముద్దగా పడింది. అందులోంచి మొక్కను ఎత్తి ఒక వేరును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని లాగాడు. పైతోలు తడిసిన కాగితంలా ఊడి వచ్చి, లోపల నల్లటి దారం ఒక్కటే మిగిలింది. అలా నాలుగైదు వేళ్ళు చూశాడు. చివరికి నడిమి మొవ్వ పట్టుకుంటే అదీ చేతిలోకి వచ్చేసింది.

"ఇది సచ్చి నెలయింది బావా. ఆకులకు ఇంకా తెలీలే, అంతే."

నేను అరుగు మీద కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ చెప్పకముందే ఒకరి అరుగు మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఎలా చేసి ఉండాల్సిందని అడిగాను. అతను కోపంగా చెబుతాడనుకున్నాను. పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. మట్టి ముట్టించకూడదు. బొగ్గు, బెరడు, పీచు చాలు. పొద్దుటి ఎండ నిండా తగలాలి. పొడిగా ఉన్నప్పుడు వేరు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, నీళ్ళు చల్లితే చూస్తుండగానే పచ్చబడుతుంది. పచ్చబడితే చాలు, ఆపెయ్యాలి. పొద్దుగూకేలోగా మళ్ళీ తెల్లగా ఆరిపోవాలి. మొవ్వలో నీళ్ళు నిలవకూడదు. నెలకొకసారి ఆవుపంచితం, ఒకటికి ఇరవై పాళ్ళ నీళ్ళు కలిపి. వానాకాలం దాని జోలికి పోకూడదు.

"ఆకలి పెట్టి పెంచల్ల బావా దీన్ని. ఎక్కువ ప్రేమ సూపిస్తే కుళ్ళిపోతాది," అని, చచ్చిన మొక్కను గోడ పక్కన పెట్టాడు. "పోనీలే. మీ తోపుది, మీ చేతిలోనే పోయింది."

మా తోపుది ఏమిటి, మీ తోపుది కదా అన్నాను.

అతను కస్తూరి వైపు చూశాడు. ఆమె వద్దని కళ్ళతో చెప్పబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

"దొరవారి తోపుది గదా బావా. ఘాటు కింద. నీకు తెల్దా?"

తెలియదన్నాను. అతను నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. మా పెళ్ళయిన ఆరో ఏడు, వాళ్ళమ్మకు జబ్బు చేసి సుభద్ర పుట్టింట్లో ఉంది. దొరవారి తోపు కొట్టేస్తున్నారని ఎవరో చెప్పారు. తమ్ముడి మోపెడ్ వెనక కూర్చుని చూడటానికి వెళ్ళింది. అప్పటికే సగం చెట్లు కింద పడి ఉన్నాయి. పడిన ఒక చెట్టు కొమ్మ మీద ఈ బదనిక పూలతో ఉంది. బెరడుతో సహా తీస్తుంటే కొన్నవాళ్ళ మేస్త్రీ వచ్చి ఎవరు మీరని గద్దించాడట.

"అక్క ఏం జెప్పినాదో తెలుసా? కట్టెలేరుకునేదాన్ని అనె. దొరవారి కోడలు, కట్టెలేరుకునేదాన్నని జెప్పి, నిజంగానే నాలుగు పుల్లలు ఏరి మోపు కట్టి నెత్తిన పెట్టుకున్నాది. ఆ మోపులో దాన్ని దాచిపెట్టి తెచ్చినాది. అదేందక్కా అంటే, మీ బావ పేరు ఆడ ఎందుకు చెప్పల్ల అనె."

తిరుపతికి తెస్తే నేను రానివ్వనని, ఇక్కడే తమ్ముడి తోపులో ఒక చెట్టుకు కట్టింది. తర్వాతి ఏడు పక్కన పిలక వేస్తే, దాన్ని విడదీసి నా డాబా మీదికి తెచ్చింది. ఏటా ఇక్కడికి వచ్చేది తల్లి మొక్కను చూసుకోవడానికే. నాతో ఎందుకు చెప్పలేదో మునిరత్నాన్ని నేను అడగలేదు. చెప్పి ఉంటే నేనేమనేవాణ్ణో నాకు తెలుసు. పరాయివాళ్ళకు అమ్మేసిన చోట చెత్త ఏరుకుంటావా అనేవాణ్ణి.

తోపు

తల్లి మొక్క ఇంకా ఉందా అని అడిగాను. ఉంది, కానీ ఎంతసేపు ఉంటుందో అన్నాడు మునిరత్నం. అప్పుడు వినబడింది నాకు. ఇంటి వెనక ఎక్కడో రంపం మిషను మోత.

అతను తోపు కొట్టించేస్తున్నాడు. మూడేళ్ళుగా కాయకు ధర లేదు. ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు పెట్టుకుని కూర్చునే ఓపిక లేదు. చెట్లు పోతే గడ్డి వేసి ఇంకో నాలుగు ఆవుల్ని పెట్టుకుంటాడు. పాలకు రోజూ ధర ఉంటుంది. నడుస్తూ ఇదంతా నేల వైపు చూస్తూ చెప్పాడు. వాళ్ళ నాయన నాటిన చెట్లు అవి.

రంపం మిల్లువాళ్ళు ఆరుగురు. అప్పటికి మూడు వరసలు పడిపోయాయి. నాలుగో వరస చివర చెట్టు దగ్గర మునిరత్నం ఆగి పైకి చూపించాడు. మొదలు రెండుగా చీలిన చోట, పట్టీల్లాంటి దళసరి ఆకులతో, రెండు చేతుల వెడల్పున ఉంది. పూల కాలం దాటిపోయి ఎండిన కాడలు మాత్రం ఉన్నాయి. తెల్లటి వేళ్ళు బెరడు పట్టుకుని బారెడు దూరం కిందికి పాకాయి.

అరవై ఎనిమిదేళ్ళలో నేను ఎవరినీ ఏదీ అడగలేదు. ఉద్యోగం కూడా వాళ్ళు పిలిస్తేనే వెళ్ళాను. ఆ చెట్టు కింద నిలబడి నా బావమరిదిని అడిగాను.

"ఈ ఒక్క చెట్టు ఉంచు, మునిరత్నం."

అతను చెట్టు మొదలును అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"మాటిచ్చేసినాను బావా. తోపంతా అని చెప్పినాను, ఒకటి తక్కువని చెప్పలే. పోయిన నెల వచ్చి అడిగుంటే నిలిపేసుందును. ముప్పై ఏండ్లలో యా పొద్దు వచ్చి అడిగినా నిలిపేసుందును."

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని అడగడానికి నాకు నోరు రాలేదు. మా ఇంట్లోనూ మాటంటే అంతే.

మునిరత్నం రంపంవాళ్ళను ఆగమని చెప్పి, కొడవలి నడుముకు దోపుకుని చెట్టెక్కాడు. వేళ్ళను లాగితే తెగిపోతాయి. బెరడుతో సహా పలకలుగా లేపాలి. ఒక్కొక్క వేరు వెంట కొడవలి మొన ఆనించి, మెల్లగా చెక్కుతూ వచ్చాడు. ఎంత జాగ్రత్తగా చేసినా పటపటమని కొన్ని తెగే చప్పుడు కింద నాకు వినబడింది. అరగంట పట్టింది. చివరికి ఒక చేత్తో మొక్కను పట్టుకుని, ఇంకో చేత్తో కొమ్మను పట్టుకుని, దిగే వీలు లేక కిందికి కేకేశాడు.

"పట్టుకో బావా. నేలన పడితే మొవ్వ ఇరిగిపోతాది."

నా దగ్గర ఏమీ లేదు. భుజం మీది కండువా తీసి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని చాచాను. మా వంశంలో మగవాళ్ళెవరూ ఒకరి ముందు అలా నిలబడలేదు. అలా నిలబడినవాళ్ళకు పెట్టిన చేతులు మావి. పనివాళ్ళు ఆరుగురూ చేతులు ఆపి చూస్తున్నారు. కొసలు ఇంకొంచెం దగ్గరికి లాగి, ఇంకొంచెం ముందుకు జరిగాను.

పడింది. అంత ఆకు, అంత వేరు, ఇంత తేలిక అనుకోలేదు.

మిల్లు మేస్త్రీ దగ్గరికి వచ్చి తొంగి చూసి, ఎవరు సామీ మీరు, ఏం పని దీంతో అని అడిగాడు. మునిరత్నం పైనుంచి ఏదో చెప్పబోయాడు.

"దీన్ని ఇక్కడ కట్టినామె భర్తను," అన్నాను.

మేము ఇల్లు చేరేలోపల మిషను మళ్ళీ మొదలైంది. నేను వెనక్కి తిరగలేదు. మునిరత్నం తిరిగాడు.

కస్తూరి సంగటి వండింది. మామిడికాయ పులుసు, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తే, మా ఇంట్లో వెండి పళ్ళెంలో తిన్నదానికంటే రుచిగా ఉందని చెప్పాలి. ఈసారి మజ్జిగ దాకా తిన్నాను. భోజనమయ్యాక మునిరత్నం మామిడి చెక్కకు మొక్కను పాత చీర పేలికలతో కట్టి, తెగిన వేళ్ళకు బొగ్గుపొడి అద్ది నా చేతికిచ్చాడు. నెల రోజులు సగం నీడలో ఉంచమన్నాడు. దెబ్బతిన్న మొక్క, రెండేళ్ళు పూయకపోవచ్చు, అసలు బతక్కపోవచ్చు అని కూడా చెప్పాడు.

గుండిగను కస్తూరి చింతపండుతో తోమి తళతళలాడించి, నిండా రాగిపిండి పోసి తెచ్చింది. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు అన్నా, అంది. ఆ ఇంటి నుంచి ఏదీ పుచ్చుకోనని పెట్టుకున్న నియమం గురించి ఆమెకు తెలిసే ఉంటుంది. నేను రెండు చేతులతో అందుకున్నాను.

తిరుగు బస్సు

చిత్తూరులో నా పక్కన ఒక ముసలామె ఎక్కింది. ఒళ్ళో కనకాంబరాల బుట్ట. తిరుపతిలో మార్కెట్టుకు వేస్తుందట. మూర ముప్పై, గోవిందరాజస్వామి గుడి దగ్గరైతే నలభై. దారి పొడవునా కట్టుకుంటూనే ఉంది, చేతుల వైపు చూడకుండా. పాకాల దగ్గర బస్సు ఆగినప్పుడు నా ఒళ్ళోని మొక్కను తేరిపార చూసింది.

"ఇది పూస్తాదా సామీ?"

పూస్తుంది, ఏటా పూస్తుంది అన్నాను.

వాసనుంటుందా అని అడిగింది. ఎండాకాలం పొద్దున పూట మా ఇంట్లోకి డాబా మెట్ల మీదుగా ఒక వాసన దిగివచ్చేది. సుభద్ర ఏదో మంచి రకం ఊదుబత్తి తెప్పిస్తోందనుకునేవాణ్ణి. ఉంటుందన్నాను.

"ఏం రంగు?"

ఆమె చేతులు కట్టడం ఆపలేదు. పూలు అమ్ముకునే మనిషి అడగాల్సిన మామూలు ప్రశ్న అది. పాతికేళ్ళు నా నెత్తి మీద ఏటా పూసింది. ఎన్ని వేసవుల్లో సుభద్ర మెట్ల మీద నుంచి, ఒక్కసారి పైకి రండి, చూద్దురు గాని అని పిలిచిందో. పేపరు చదువుతున్నాననేవాణ్ణి.

తెలియదమ్మా అన్నాను.

కొత్తగా తెచ్చుకున్నట్టుంది అని తనే సర్దుకుని, ఆమె మళ్ళీ పూలలో పడింది.

ఇప్పుడది నా గది కిటికీ చువ్వలకు వేలాడుతోంది. నాలుగు ఆకులు రాలిపోయాయి. తక్కినవి ముడతలు పడ్డాయి. పొద్దున నీళ్ళు చల్లి, వేళ్ళు పచ్చబడేదాకా నిలబడతాను. కొన్ని పచ్చబడతాయి, కొన్ని పడవు. పువ్వు రంగేదో మునిరత్నానికి ఫోను చేస్తే చెబుతాడు. ఇప్పుడు అతన్ని ఏదైనా అడగగలను. ఇది మాత్రం అడగను. సుభద్ర నన్ను చూడమన్నది, చెప్పగా వినమనలేదు.